గుండ్రంగా కనిపించిందల్లా ఉల్కా బిలమేనా? రాళ్ళు, గుంతలు, వింతలు

దారితప్పినవాడు

అందరికీ నమస్కారం. ఈమధ్య నాకో పిచ్చి పట్టుకుంది. రాత్రిపూట శాటిలైట్ మ్యాప్ తెరిచి ఎడారులూ మంచు ప్రాంతాలూ జూమ్ చేసుకుంటూ పోవడం. గుండ్రంగా ఏది కనిపించినా ఆగిపోతాను. మౌరిటానియాలో, సహారా ఎడారిలో రిచాట్ అని ఒకటుంది. దాదాపు 40 కిలోమీటర్ల వెడల్పున వలయం లోపల వలయం. కెనడాలో మానికూగన్ అని చుట్టూ నీళ్ళు, మధ్యలో నేల. అమెరికాలోని యూటాలో అప్‌హీవల్ డోమ్. మూడింటికీ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఒక వీడియోలో రిచాట్ ఉల్క పడ్డ చోటన్నారు, ఇంకో వీడియోలో మునిగిపోయిన అట్లాంటిస్ అన్నారు. గుండ్రంగా ఉన్నదల్లా ఉల్కా బిలమేనా? కాకపోతే ఏది ఏదో ఎలా తేలుస్తారు? తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

గులకరాయి

మీరు చెప్పిన మూడింట్లో మానికూగన్ ఖాయంగా ఉల్కా బిలమే. సుమారు 21 కోట్ల 40 లక్షల ఏళ్ళ నాటిది. రిచాట్ కాదు. అప్‌హీవల్ డోమ్ మీద చాలాకాలం గొడవ నడిచింది, దాని సంగతి తర్వాత చూద్దాం.

రిచాట్ దగ్గర జరిగింది వేరు. భూమి లోపలి నుంచి శిలాద్రవం పైకి తోసుకొచ్చి మీదున్న రాతి పొరల్ని గుమ్మటంలా ఉబ్బించింది. ఆ ఉబ్బును కోట్ల ఏళ్ళపాటు గాలీ నీరూ పైనుంచి అరగదీశాయి. క్వార్ట్జైట్ లాంటి గట్టి పొరలు గట్లుగా మిగిలాయి, మెత్తవి అరిగి పల్లాలయ్యాయి. ఆకాశం నుంచి చూస్తే అవే వలయాలు. 1965లో జెమిని 4 వ్యోమగాములు ఫొటోలు తీశాక ప్రపంచానికి బాగా తెలిసింది. మొదట్లో దీన్ని ఉల్కా బిలమనే అనుకున్నారు. ఇక్కడి రాళ్ళలో కోయసైట్ దొరికిందని కూడా ఒకప్పుడు రాశారు, మళ్ళీ పరీక్ష చేస్తే అది బెరైట్ అనే మామూలు ఖనిజమని తేలింది.

నిశాచరి

అట్లాంటిస్ వీడియోల కింద ఈ మాట కామెంట్ పెట్టి చూడండి, మీదపడి కొడతారు. సముద్ర మట్టానికి దాదాపు నాలుగొందల మీటర్ల ఎత్తున ఉన్న చోట మునిగిపోయిన నగరమేంటో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు.

అది సరే, ఈ కోయసైట్ ఏంటి? అదుంటే ఉల్క, లేకపోతే కాదు అన్నట్టు మాట్లాడుతున్నారు.

సూక్ష్మదర్శిని

ఆకారం చూసి తీర్పు చెప్పే రోజులు ఎప్పుడో పోయాయి. భూమ్మీద గుండ్రంగా ఉండేవి బోలెడు. చల్లారిన అగ్నిపర్వతాల నోళ్ళు, కింది ఉప్పు పొర పైకి ఉబ్బిన చోట్లు, సున్నపురాయి కరిగి కుంగిన గోతులు, అన్నీ గుండ్రమే. అందుకే ఉల్క పడిందని ఒప్పుకోవాలంటే అక్కడి రాయే సాక్ష్యం చెప్పాలి.

కంటికి కనిపించే సాక్ష్యం షాటర్ కోన్. రాయి పగిలిన ముఖం మీద ఒక కొన ఉంటుంది. ఆ కొన నుంచి సన్నటి గాడులు విచ్చుకుంటూ కిందికి పోతాయి, ఆ గాడుల మీద మళ్ళీ పిల్ల గాడులు. గోరంతవీ ఉంటాయి, మనిషిని మించినవీ ఉంటాయి. సన్న రేణువుల సున్నపురాయిలో అందంగా తేలతాయి, గ్రానైట్ లాంటి ముతక రాతిలో మొరటుగా ఉంటాయి. అలవాటు లేని కళ్ళకు మామూలు పగుళ్ళు కూడా షాటర్ కోన్లలాగే కనిపిస్తాయి, ఫొటో చూసి తేల్చమని నన్ను మాత్రం అడక్కండి.

అసలు తీర్పు మైక్రోస్కోప్ కింద వస్తుంది. రాతి ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజు పలకకు అతికించి, వెలుతురు పంపి చూస్తారు. ఇసుకలో ఎక్కువగా ఉండే ఖనిజం క్వార్ట్జ్. మామూలు క్వార్ట్జ్ రేణువు లోపల శుభ్రంగా ఉంటుంది. ఉల్క దెబ్బ తిన్న రేణువులో సమాంతరంగా, దగ్గరదగ్గరగా గీతలు కనిపిస్తాయి. అదే రేణువులో ఇంకో దిక్కున మరో వరస గీతలు మొదటివాటిని కోసుకుంటూ పోతాయి. ఇవి పడాలంటే వాతావరణ పీడనానికి లక్ష రెట్ల దాకా ఒత్తిడి ఒక్క క్షణంలో రావాలి. అగ్నిపర్వతం ఎంత గట్టిగా పేలినా అంత రాదు. అణుబాంబు పరీక్షలు చేసిన చోట్ల మాత్రం ఇలాంటి క్వార్ట్జ్ దొరికింది.

నిశాచరి గారూ, కోయసైట్ కూడా క్వార్ట్జ్ పదార్థమే. విపరీతమైన ఒత్తిడికి పరమాణువులు ఇరుకుగా సర్దుకుంటే వచ్చే రూపం. భూమి బాగా లోతు నుంచి పైకొచ్చిన కొన్ని రాళ్ళలోనూ అది ఉంటుంది. ఎప్పుడూ లోతుకు పోని ఇసుకరాయిలో దొరికితే మాత్రం ఉల్క తప్ప వేరే దారి లేదు.

ఎర్రమట్టి

కోయసైట్ మాటొచ్చింది కాబట్టి అరిజోనా గుంత కథ చెప్పక తప్పదు. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇదే, కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

అమెరికాలోని అరిజోనా ఎడారిలో 1.2 కిలోమీటర్ల వెడల్పు, 170 మీటర్ల లోతు ఉన్న గుంత. చుట్టూ ఇనుప ఉల్క ముక్కలు చెల్లాచెదురుగా పడున్నాయి. అంటే జవాబు కళ్ళెదుటే ఉంది. అయినా 1891లో వెళ్ళిన జి.కె. గిల్బర్ట్ దాన్ని ఉల్కా బిలం కాదన్నాడు. ఆయన అల్లాటప్పా మనిషి కాదు, అమెరికా భూగర్భ సర్వేలో ప్రధాన శాస్త్రవేత్త. ఆయన లెక్క ఏంటంటే, పెద్ద ఇనుప ముద్ద గుంత కింద పాతుకుపోయి ఉంటే అయస్కాంత సూది కదలాలి, కదల్లేదు. ముద్ద లోపలే ఉంటే బయట అంచుగా పడ్డ రాయి గుంతలో పట్టేదానికన్నా ఎక్కువుండాలి, రెండూ సరిపోయాయి. కాబట్టి భూమిలోపలి ఆవిరి పేలి ఏర్పడిందని రాసేశాడు. విచిత్రమేమిటంటే అదే మనిషి 1893లో చంద్రుడి మీది బిలాలన్నీ ఢీకొనడం వల్లే వచ్చాయని వాదించాడు, అదీ సరిగ్గానే.

ఆ తర్వాత గనుల ఇంజనీరు డేనియల్ బారింగర్ దిగాడు. ఇది ఉల్క పనే, కింద కోట్ల టన్నుల ఇనుము ఉందని 1903లో కంపెనీ పెట్టి తవ్వడం మొదలెట్టాడు. గుంత మధ్యలో తవ్వాడు, దొరకలేదు. బురదలోకి ఏటవాలుగా తుపాకీ పేల్చినా గుంట గుండ్రంగానే పడుతోందని గమనించి, ఉల్క పక్కవాటుగా వచ్చి దక్షిణం అంచు కింద దాక్కుందని అక్కడ తవ్వాడు. అక్కడా దొరకలేదు. చివరికి 1929లో మౌల్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త లెక్క కట్టి, ఉల్క బరువు 3 లక్షల టన్నులే, అందులోనూ చాలా భాగం ఆవిరైపోయి ఉంటుందని తేల్చాడు. అదే ఏడాది చివర్లో బారింగర్ గుండెపోటుతో పోయాడు. గుంత ఉల్క వల్లే వచ్చిందన్న మాట నిజం, ఇనుము ఉందన్న మాట అబద్ధం. డబ్బంతా రెండోదాని మీద పెట్టాడు పాపం.

అసలు రుజువు 1960లో వచ్చింది. భూగర్భ శాస్త్రవేత్తలు యూజీన్ షూమేకర్, ఎడ్వర్డ్ చావో బృందం అక్కడి ఇసుకరాయిలో కోయసైట్ చూపించారు. ప్రకృతిలో కోయసైట్ దొరకడం అదే మొదటిసారి.

ఆ గుంత అంచు దగ్గర రాతి వరస చూస్తే ఇంకా మజా. మామూలుగా పాత పొర కింద, కొత్త పొర పైన ఉండాలి. అక్కడ పైనుండాల్సిన ఎర్రటి మోయెన్‌కోపి పొర తలకిందులై కింద పడుంది. దాని మీద కైబాబ్ సున్నపురాయి, ఆ పైన అన్నిటికన్నా పాతదైన కొకొనినో ఇసుకరాయి. నేల మొత్తం మడత తిరిగి బయటికి బోర్లా పడిందన్నమాట. ఆవిరి పేలుడు రాళ్ళు ఎగజిమ్ముతుంది గానీ ఇలా వరస చెడకుండా తిరగేయదు.

దారితప్పినవాడు

ఎర్రమట్టి గారూ, చాలా బాగా చెప్పారు. రెండు సందేహాలు. అంత పెద్ద ఇనుప ముద్ద ఆవిరవడమేంటి? ఏటవాలుగా పడ్డా గుంత గుండ్రంగానే ఎందుకు వస్తుంది?

గులకరాయి

రెండింటికీ జవాబు ఒకటే, వేగం. భూమికి తగిలే రాయి సెకనుకు తక్కువలో తక్కువ 11 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, 20 కూడా మామూలే. ఆ వేగంలో దాని కదలికలో ఉన్న శక్తి అంతే బరువున్న పేలుడు మందు శక్తికి ఎన్నో రెట్లు. నేలకు తగిలిన క్షణంలో అదంతా వేడిగా, ఒత్తిడి తరంగంగా మారిపోతుంది. అంటే రాయి నేలలో గుచ్చుకోవడం కాదు, ఆ చోట పేలడం. పేలుడు అన్ని వైపులకూ సమానంగా తోస్తుంది కాబట్టి గుంత గుండ్రంగా వస్తుంది. నేలకు దాదాపు 15 డిగ్రీల లోపు కోణంలో రాసుకుంటూ వస్తేనే కోలగా మారుతుంది. గుంత వెడల్పు రాయి కంటే సుమారు 10 నుంచి 20 రెట్లుంటుంది. అరిజోనా గుంత చేసిన ఉల్క అడ్డం 50 మీటర్లు మించదు.

భూమ్మీద నాలుగైదు కిలోమీటర్లు దాటిన బిలాల తీరు వేరుగా ఉంటుంది. నీళ్ళలో చుక్క పడ్డప్పుడు మధ్యలో నీరు తిరిగి పైకి లేచినట్టు, రాయి కూడా గుంత అడుగు నుంచి పైకి లేస్తుంది. రాయి అలాగే బిగుసుకుపోతుంది కాబట్టి మధ్యలో గుట్ట మిగులుతుంది. ఇంకా పెద్దవాటిలో గుట్ట కూడా నిలవక కూలి వలయమవుతుంది. మానికూగన్‌లో మధ్య నేల ఎత్తుగా ఉండటానికి కారణం ఇదే. చుట్టూ ఉన్న నీళ్ళు మాత్రం ఈ రోజుల్లో ఆనకట్ట కట్టాక నిండినవి.

నిశాచరి

గుంత ఉండి రాయి లేని కథ అయింది. రాయి ఉండి గుంత లేనిది కూడా ఉంది. నమీబియాలో హోబా. దాదాపు 60 టన్నుల ఇనుప ఉల్క, 1920లో పొలం దున్నుతుంటే నాగలికి తగిలింది. చుట్టూ గుంత ఆనవాలే లేదు. చదునుగా ఉండటంతో గాలి బాగా అడ్డుకుని వేగం తగ్గించేసిందంటారు.

ఇక తుంగుస్కా అయితే రెండూ లేవు. 1908 జూన్ 30న సైబీరియా మీద ఆకాశంలోనే పేలి 2,000 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని పడుకోబెట్టింది. కింద గుంతా లేదు, చేతికి రాయీ లేదు.

తూర్పుగాలి

గుంతలో ఊరే ఉంటే? జర్మనీలో నోర్డ్‌లింగెన్ అని పాత పట్టణం, చుట్టూ గుండ్రటి కోటగోడ. అది ఉన్నదే 24 కిలోమీటర్ల వెడల్పైన రీస్ బిలంలో. సుమారు ఒకటిన్నర కోటి ఏళ్ళ కిందటిది. అక్కడి సెయింట్ జార్జ్ చర్చిని సూవైట్ అనే రాయితో కట్టారు. ఉల్క దెబ్బకు పిండైన రాయీ కరిగి గడ్డకట్టిన గాజూ కలిసిన రాయి అది, బూడిద రంగులో అక్కడక్కడా నల్లటి గాజు ముక్కలతో ఉంటుంది. ఆ రాయిలో కంటికి కనిపించనంత చిన్న వజ్రాలున్నాయి. అక్కడి రాతిలో ముందే ఉన్న గ్రాఫైట్ దెబ్బకు వజ్రమైంది. కట్టినవాళ్ళకు ఇదేమీ తెలీదు, దగ్గర్లో దొరికే రాయి కాబట్టి వాడేశారు. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా దాన్ని అగ్నిపర్వతపు రాయి అనే అనుకునేవారు. షూమేకర్, చావో ఇక్కడా కోయసైట్ చూపించి 1961లో తేల్చేశారు. 1970లో అపోలో వ్యోమగాములు రాళ్ళు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఇక్కడికే వచ్చారు.

అదే దెబ్బకు ఎగిరిన కరుగు వందల కిలోమీటర్ల దూరంలో ఇప్పటి చెక్ దేశంలో పడి ఆకుపచ్చ గాజు రాళ్ళయింది. మోల్డవైట్ అంటారు. ఆన్‌లైన్‌లో కొనాలనుకునేవాళ్ళు జాగ్రత్త, సీసా గాజు కరిగించి అచ్చు పోసిన నకిలీలు విపరీతంగా ఉన్నాయి.

కొత్తచేయి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా దగ్గర నల్లగా, బరువుగా ఉన్న రాయి ఒకటుంది, అయస్కాంతం అతుక్కుంటోంది. పైన చిన్న చిన్న రంధ్రాలున్నాయి. ఉల్కే కదా?

సూక్ష్మదర్శిని

రంధ్రాలన్నారు కాబట్టి అనుమానమే. ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం అచ్చం ఇలాగే ఉంటుంది. అయస్కాంతానికి అతుక్కోవడం పెద్ద లెక్కలోది కాదు, భూమ్మీద మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉన్న రాళ్ళు కూడా అతుక్కుంటాయి. తాజా ఉల్క మీద పలచటి నల్లటి పెంకు ఉంటుంది, మందం మిల్లీమీటరు కూడా ఉండదు. బుడగల రంధ్రాలు దాదాపు ఉండవు, బొటనవేలితో నొక్కినట్టుండే లోతులేని గుంటలు ఉండొచ్చు. ఒక మూల కొంచెం అరగదీయండి. లోపల లేత రంగు రాతిలో మెరిసే లోహపు చుక్కలు కనిపిస్తే అప్పుడు ఎవరైనా భూగర్భ శాస్త్ర విభాగం వాళ్ళకు చూపించండి.

ఒప్పుకోను

ఇంతసేపూ చదివాను. మీ అందరికీ ఒకటే ప్రశ్న. సౌదీ అరేబియాలో తైమా దగ్గర అల్ నస్లా రాయి చూశారా? కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా రెండు ముక్కలు. రెండూ చిన్న పీటల మీద నిలబడి ఉన్నాయి. దీన్ని కూడా గాలీ నీరూ చేశాయంటారా? ఏదో పనిముట్టు లేకుండా అంత తిన్నగా ఎలా వస్తుంది?

గులకరాయి

తిన్నగా పగలడం రాళ్ళకు కొత్త కాదు. నేల కదలికల ఒత్తిడికి ఇసుకరాయిలో నిలువు పగుళ్ళు చదునుగా వస్తాయి. ఆ పగులులోకి చేరిన తేమ, ఇసుక మోసుకొచ్చే గాలి దాన్ని వెడల్పు చేస్తాయి. అడుగున నేలకు దగ్గరగా ఇసుక రాపిడీ తేమా ఎక్కువ కాబట్టి మొదలు సన్నబడి పీటలా మిగులుతుంది. ఆ చుట్టుపక్కల ఇలాంటి పగుళ్ళూ పీటలూ ఇంకా ఉన్నాయి, ఫొటోల్లో ఇదొక్కటే చూపిస్తారు.

తిన్నదనమే మనిషి పని అనుకుంటే ఐర్లాండ్ ఉత్తర తీరంలోని జెయింట్స్ కాజ్‌వే ఏమవ్వాలి? దాదాపు 40,000 బసాల్ట్ స్తంభాలు, ఎక్కువ భాగం ఆరు పలకలవి. సుమారు 6 కోట్ల ఏళ్ళ కిందట లావా మడుగు చల్లారుతూ కుంచించుకుపోయి పగిలింది. ఒక బిందువు దగ్గర మూడు పగుళ్ళు 120 డిగ్రీలతో కలిస్తే ఒత్తిడి బాగా తీరుతుంది, అలా కలుస్తూ పోతే ఆరు పలకలొస్తాయి. పైనుంచి కిందికి చల్లదనం దిగేకొద్దీ పగులు కూడా దిగి స్తంభమవుతుంది. అక్కడ ఐదు పలకలవీ ఏడు పలకలవీ కూడా దొరుకుతాయి. చెక్కినవాడెవడైనా ఉంటే అలా వదిలేస్తాడా?

ఎర్రమట్టి

ఒప్పుకోను గారికి ఇంకో మంచి కేసు. అమెరికాలో డెత్ వ్యాలీ దగ్గర రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండిన మడుగు. అద్దంలా చదును. దాని మీద రాళ్ళు, వెనకాల పొడుగాటి జాడలు. కొన్ని రాళ్ళు వందల కిలోలు. కదులుతుండగా చూసినవాడు లేడు. అయస్కాంత శక్తులన్నారు, పెనుగాలులన్నారు, గ్రహాంతరవాసులు కూడా లైన్లో ఉన్నారు. చివరికి ఒక బృందం రాళ్ళకు జీపీఎస్ బిగించి, వాతావరణ పరికరాలు పెట్టి ఎదురుచూసింది. 2013 డిసెంబర్‌లో వాళ్ళ కళ్ళ ముందే కదిలాయి, 2014లో ప్రచురించారు. మడుగులో కొద్దిగా నీరు చేరింది, రాత్రి చలికి పైన కొన్ని మిల్లీమీటర్ల మంచు పలక కట్టింది. పొద్దెక్కాక పలక పగిలి, మామూలు గాలికి తేలుతూ రాళ్ళను నెట్టింది. వేగం నిమిషానికి రెండు నుంచి ఐదు మీటర్లు. దూరం నుంచి చూస్తే రాయి కదులుతోందని కూడా తెలియదు. పెనుగాలి అక్కర్లేకపోయింది, బలమైన మంచు గడ్డ కూడా అక్కర్లేకపోయింది.

ఒప్పుకోను

రాళ్ళ సంగతి సరే. కానీ మీ శాస్త్రవేత్తలే రోజుకో మాట మారుస్తుంటే ఎలా నమ్మాలి? రిచాట్ ఉల్క అన్నారు, కాదన్నారు. అరిజోనా కాదన్నారు, అవునన్నారు.

సూక్ష్మదర్శిని

మాట మారింది నిజమే, ఎందుకు మారిందో కూడా చూడండి. అప్‌హీవల్ డోమ్ విషయంలో ఒక వర్గం కింది ఉప్పు పొర ఉబ్బిందనేది, ఇంకో వర్గం ఉల్క అనేది. రెండు పక్షాలూ ఎన్నో ఏళ్ళు ఆకారం మీదే వాదించుకున్నాయి, ఎటూ తెగలేదు. 2008లో అక్కడి ఇసుకరాయిలో పైన చెప్పిన గీతల క్వార్ట్జ్ దొరికిందని ప్రచురించాక ఉల్క వైపు మొగ్గింది.

గ్రీన్‌లాండ్ మంచు కింద హయవాథా అని 31 కిలోమీటర్ల బిలాన్ని 2018లో ప్రకటించారు. బాగా ఇటీవలిది కావచ్చని, పన్నెండు వేల ఏళ్ళ కిందటి చలి కాలానికి అదే కారణమని కథలు అల్లేశారు. 2022లో అక్కడి నుంచి కొట్టుకొచ్చిన ఇసుకలోని రేణువుల వయసు కడితే 5 కోట్ల 80 లక్షల ఏళ్ళని తేలింది. కథ అక్కడితో సరి.

కంటికి కనిపించేదాన్నే నమ్ముతామంటే మెక్సికోలోని చిక్షులూబ్ అసలు దొరికేదే కాదు. దాదాపు 180 కిలోమీటర్ల బిలం, 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందటిది, డైనోసార్లను తుడిచిపెట్టింది. నేల మీద నిలబడితే గుంత లేదు, సగం సముద్రం కింద, మొత్తం సున్నపురాయి కింద కప్పబడి ఉంది. 1978లో చమురు కోసం సర్వే చేస్తున్న గ్లెన్ పెన్‌ఫీల్డ్‌కు అయస్కాంత రీడింగుల్లో సముద్రం అడుగున ఒక వంపు కనిపించింది. పాత గురుత్వ పటాల్లో దాని రెండో సగం నేల వైపు ఉంది. 1981లో ఒక సమావేశంలో చెప్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికే, 1980లో, శాస్త్రవేత్తలైన అల్వారెజ్ తండ్రీకొడుకుల బృందం ఆ కాలపు మట్టి పొరలో ఇరిడియం ఎక్కువుందని చూపించింది. అది భూమి పైపొరలో అరుదుగా, ఉల్కల్లో ఎక్కువగా ఉండే లోహం. దాంతో బిలం ఎక్కడుందా అని అందరూ వెతుకుతున్నారు! రెండు ముక్కలూ కలవడానికి 1991 దాకా పట్టింది. నేల మీద కనిపించే గుర్తు సెనోటేలు. సున్నపురాయిలో ఏర్పడ్డ లోతైన నీటి గుంటలవి, బిలం అంచు మీదుగా వరసగా వంపు తిరిగి ఉంటాయి.

దారితప్పినవాడు

అంటే కళ్ళు చెదిరేలా కనిపించే రిచాట్ కాదు, ఏమీ కనిపించని చిక్షులూబ్ అవును. బాగుంది. మహారాష్ట్రలోని లోనార్ బిలం వయసు మాత్రం ఒక చోట 52 వేల ఏళ్ళు, ఇంకో చోట 5 లక్షల 70 వేల ఏళ్ళు అని ఉంది. పది రెట్ల తేడా ఎలా వస్తుంది?

సూక్ష్మదర్శిని

రెండు పద్ధతులు, అందుకే రెండు లెక్కలు. లోనార్ ఉల్కా బిలమన్నదాంట్లో సందేహం లేదు. 1.8 కిలోమీటర్ల వెడల్పు, దక్కన్ లావా మీద పడింది. బసాల్ట్ మీద పడి ఇంత బాగా మిగిలినవి భూమ్మీద చాలా అరుదు కాబట్టే అంగారకుడి బిలాలను చదివేవాళ్ళు ఇక్కడికొస్తారు.

52 వేల లెక్క థర్మోల్యూమినిసెన్స్‌ది. రాయి చివరిసారి బాగా వేడెక్కినప్పటి నుంచి రేణువుల్లో పోగైన శక్తిని వెలుగుగా బయటికి రప్పించి కొలుస్తారు. ఆ శక్తి కొంత కాలానికి నిండిపోతుంది, కొన్ని ఖనిజాల్లో కారిపోతుంది కూడా. దాంతో పాత రాయి కూడా కుర్రదానిలా కనిపించే ప్రమాదం ఉంది. 5 లక్షల 70 వేల లెక్క 2011లో వచ్చింది. ఉల్క దెబ్బకు కరిగి గడ్డకట్టిన రాతిలో పొటాషియం నుంచి పుట్టిన ఆర్గాన్ వాయువును కొలిచి కట్టింది. దీనికి వేరే చిక్కుంది. కరిగిన రాయి పాత ఆర్గాన్‌ను పూర్తిగా వదిలేయకపోతే వయసు ఎక్కువ చూపిస్తుంది. లోనార్‌లో కరిగింది 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటి లావా రాయి కాబట్టి ఆ భయం గట్టిదే. ఆ పరీక్ష చేసినవాళ్ళు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, 47 వేల ఏళ్ళు అటూ ఇటూ అని హద్దు పెట్టారు. నన్నడిగితే రెండోదాని వైపే మొగ్గుతాను. గుంత అంచు ఇప్పటికీ చెక్కుచెదరనట్టు ఉందని మొదటిదాన్ని నమ్మేవాళ్ళున్నారు గానీ, అంచు ఎంత అరిగిందన్నది వానల మీదా రాతి గట్టిదనం మీదా ఆధారపడే విషయం, దాన్నిబట్టి వయసు కట్టలేం.